డఫీస్ టావెర్న్: ఓనరు ఒక్కసారి కూడా కనపడని బార్ (పాత అమెరికన్ రేడియో కామెడీ)

రాత్రిడ్యూటీ
బార్‌లో జరిగే అమెరికన్ టీవీ కామెడీ చీర్స్ మళ్ళీ మొదటినుంచి చూస్తున్నా. దాని డైరెక్టర్ జేమ్స్ బరోస్ గురించి చదువుతుంటే, వాళ్ళ నాన్న ఏబ్ బరోస్ 1940ల్లోనే రేడియోకి ఒక బార్ కామెడీ రాశాడని తెలిసింది. పేరు డఫీస్ టావెర్న్. ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఎపిసోడ్లు బోలెడున్నాయి. రెండు విన్నా. ఒకటి బాగా నవ్వించింది, రెండోది సగంలో ఆపేశా. ఎవరెవరి పేర్లో చెప్తున్నారు, జనం పడీపడీ నవ్వుతున్నారు, నాకేమో ఒక్క ముక్క ఎక్కలేదు.

ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పండి. అసలు ఇది నిజంగా గొప్పదేనా, చీర్స్ పుణ్యమా అని ఇప్పుడు పేరు తెచ్చుకుందా?

పాతరేడియో
చీర్స్ పుట్టకముందు నలభై ఏళ్ళ నాడే దీనికి పేరుంది. 1940 జూలైలో సీబీఎస్ రేడియో వాళ్ళు ఫోర్‌కాస్ట్ అనే సీరీస్‌లో కొత్త కార్యక్రమాల నమూనాలు వినిపించారు. అందులో ఒకటిగా వచ్చింది. జనానికి నచ్చి, 1941 మార్చి 1 నుంచి వారం వారం మొదలైంది. తర్వాత బ్లూ నెట్‌వర్క్‌కి, అక్కడినుంచి ఎన్‌బీసీకి మారి 1951 డిసెంబర్ దాకా నడిచింది. పదేళ్ళు పైమాటే. చీర్స్ దర్శకుడు జేమ్స్ బరోస్ 1940 డిసెంబర్ 30న పుట్టాడు, అంటే ఈ కార్యక్రమం మొదలైనప్పుడు రెండు నెలల పసివాడు.

కథ అంటూ పెద్దగా ఏమీ ఉండదు. మన్‌హాటన్‌లో థర్డ్ అవెన్యూ మీద ఒక పేద బార్. ఓనరు డఫీ. మేనేజరు ఆర్చీ. డఫీ ఎప్పుడూ బార్‌కి రాడు, ఆయన గొంతు కూడా మనకి వినపడదు. ఫోన్ మాత్రం చేస్తాడు. ఆర్చీ ఆ బార్‌ని, తనని ఎలాగోలా గొప్పగా చూపించుకోవాలని తంటాలు పడుతుంటాడు. ప్రతి వారం ఎవరో ఒక సినిమా స్టారో, సంగీత విద్వాంసుడో లోపలికొస్తారు, ఆర్చీ వాళ్ళ దగ్గర తన పరువు తనే తీసుకుంటాడు. అంతే.

మీరు ఆపేసిన ఎపిసోడ్లో పేర్లన్నీ అప్పటి స్టార్లవి అయ్యుంటాయి. గెస్ట్ మీద నడిచే ఎపిసోడ్లు పక్కన పెట్టి, ఇంటి మనుషుల మీద నడిచేవి ముందు వినండి: ఆర్చీ, ఓనరు కూతురు మిస్ డఫీ, ఎడ్డీ, ఎప్పుడూ బార్‌లోనే ఉండే మందబుద్ధి ఫినెగన్.

చిట్టి_కాకినాడ
ఓనరు రాడు, గొంతూ ఉండదు, కానీ బార్ పేరు ఆయనది. బాగుంది కాన్సెప్ట్. మా ఆఫీసులో ఎండీ కూడా ఇంతే 😀

స్క్రిప్ట్_పిచ్చి
ఆ ఓపెనింగ్ మీద నేను ఒక గంట మాట్లాడగలను, కాబట్టి ఆపకండి.

వెన్ ఐరిష్ ఐస్ ఆర్ స్మైలింగ్ పాట, శ్రుతి సరిగ్గా లేని పాత పియానో మీద వాయించినట్టు. తర్వాత ఫోన్ మోగుతుంది. ఆర్చీ ఎత్తి ఒక్క ఊపిరిలో చెప్తాడు: డఫీస్ టావెర్న్, ఎలీట్ మీట్ టు ఈట్, అంటే పెద్దపెద్దవాళ్ళంతా కలిసి భోంచేసే చోటు, మాట్లాడుతున్నది మేనేజర్ ఆర్చీ, డఫీ లేడు... ఓ, హలో డఫీ.

చూడండి, పది సెకన్లలో ఎన్ని పనులు చేశాడో. ఆ బార్‌కి పెద్దవాళ్ళెవరూ రారని ఆ పియానో వినగానే తెలిసిపోయింది, ఇతను మాత్రం వస్తారని చెప్తున్నాడు. అంటే అబద్ధాలకోరు, కానీ ఎవరికీ హాని చెయ్యని రకం. అవతల ఎవరున్నారో చూసుకోకుండా బట్టీ పట్టింది అప్పజెప్పేశాడు, అంటే పని మీద ధ్యాస లేదు. ఓనరు లేడని ఓనరుకే చెప్పాడు. ఆ 'ఓ, హలో డఫీ'లో గొంతు ఒక్కసారిగా తగ్గుతుంది. అక్కడే భయం. ఇవన్నీ చెప్పడానికి సినిమాలో అయితే నాలుగు షాట్లు కావాలి.

రాత్రిడ్యూటీ
అవును, నాకు నవ్వొచ్చింది అక్కడే. రెండు ఎపిసోడ్లలోనూ అదే డైలాగు, అయినా రెండుసార్లూ నవ్వాను.

సుభద్ర_డాలస్
మా వీధిలో ఉండే అమెరికన్ ముసలాయన ఒకరు ఫోన్ ఎత్తినప్పుడల్లా అదే డైలాగు కొడతారు. 'డఫీ ఎయింట్ హియర్' అని. చాలాకాలం ఆయన ఇంటిపేరు డఫీ అనుకున్నా. ఈ పోస్ట్ చదివాక అర్థమైంది.

నీలకంఠం
నాది కాస్త వేరే అభిప్రాయం. ఓపెనింగ్ బాగుంటుంది, ఒప్పుకుంటా. ఆ తర్వాత అరగంటలో సగం ఆర్చీ పెద్ద ఇంగ్లీషు మాటలు తప్పుగా వాడటమే. ఒకసారి, రెండుసార్లు నవ్వొస్తుంది, ఆపైన విసుగు. చదువు లేనివాడు గొప్ప మాట వాడబోయి బోర్లా పడ్డాడు, హహహ. ఇదేం హాస్యం? వీధి మనిషిని చూసి పైవాళ్ళు నవ్వుకోవడం.

పాతరేడియో
నీలకంఠం గారూ, ఆర్చీ వేసిన ఎడ్ గార్డనర్ పైవాడేం కాదండి. క్వీన్స్‌లోని ఆస్టోరియాలో 1901లో పుట్టాడు. అసలు ఇంటిపేరు పాగెన్‌బర్గ్. చిన్నప్పటినుంచి చుట్టూ విన్న యాసే అది. తర్వాత జె. వాల్టర్ థాంప్సన్ అనే అడ్వర్టైజింగ్ కంపెనీలో చేరి రేడియో కార్యక్రమాలు డైరెక్ట్ చేసేవాడు. నటుడే కాదు. దిస్ ఈజ్ న్యూయార్క్ అని ఒక కార్యక్రమం చేస్తుంటే, న్యూయార్క్ వీధి మనిషి గొంతు కావాల్సి వచ్చింది. ఎంతమందిని ఆడిషన్ చేసినా కుదరలేదు. 'ఇలా కాదయ్యా, ఇలా' అని మైకు దగ్గరికెళ్ళి తనే చెప్పి చూపించాడు. కంట్రోల్ రూమ్‌లో ఉన్నవాళ్ళు పగలబడి నవ్వారు. ఆర్చీ అలా పుట్టాడు.

తను పెరిగిన వీధి మాటనే మైకులో పలికాడు. పైనుంచి చూసి వెక్కిరించడం అంటే నాకు ఒప్పుకోబుద్ధి కావడం లేదు.

నీలకంఠం
ఆయన ఎక్కడ పుట్టాడన్నది వేరు, ఇంట్లో రేడియో ముందు కూర్చుని నవ్వేవాడు దేనికి నవ్వుతున్నాడన్నది వేరు.

స్క్రిప్ట్_పిచ్చి
ఇద్దరూ ఒక విషయం వదిలేస్తున్నారు. ఆర్చీ 'లెట్ అజ్' అనాల్సిన చోట 'లీవ్ అజ్' అంటాడు. లీవ్ అజ్ ఫేస్ ఇట్, ఇలా. అది చదువు రానివాడు చేసే తప్పు కాదు. చదువుకున్నవాడిలా వినపడాలని మామూలు మాటకి ఇస్త్రీ చేసి కట్టుకున్నవాడు చేసే తప్పు. అతన్ని చూసి కాదు, ఆ తాపత్రయాన్ని చూసి నవ్వు. డిగ్రీ ఉన్నవాళ్ళు కూడా మీటింగుల్లో చేసేది ఇదే. ఇంకో మాట, మిగతావాళ్ళెవరూ అతని తప్పులు దిద్దరు. ఫినెగన్‌కి తెలియదు, మిస్ డఫీకి పట్టదు, ఎడ్డీకి తెలుసు కానీ చెప్పడు.

చిట్టి_కాకినాడ
ఎడ్డీ ఎవరు?

పాతరేడియో
వెయిటరు. వేసింది ఎడ్డీ గ్రీన్ అనే నల్లజాతి నటుడు. నా లెక్కలో మొత్తం కార్యక్రమంలో అందరికన్నా బుర్ర ఉన్నవాడు ఎడ్డీనే. ఆర్చీ ఒక గొప్ప పథకం వేసి పొంగిపోతుంటే, ఎడ్డీ నింపాదిగా ఒక్క మాట అంటాడు, గాలి తీసేస్తాడు.

ఈ ఎడ్డీ గ్రీన్ కథే ఒక సినిమాకి సరిపోతుంది. ఏ గుడ్ మ్యాన్ ఈజ్ హార్డ్ టు ఫైండ్ అనే పాట ఉంది కదా, మొదటి ప్రపంచయుద్ధం నాటి హిట్టు, దాన్ని రాసింది ఈయనే. 1930ల చివర్లో సొంతంగా సినిమా కంపెనీ పెట్టి నల్లవాళ్ళతో చిన్న కామెడీ సినిమాలు తీశాడు, తనే దర్శకుడు, తనే హీరో. 1950లో చనిపోయాడు. ఆ తర్వాతి ఎపిసోడ్లు వినండి, లోటు తెలుస్తుంది.

సుభద్ర_డాలస్
కానీ వెయిటరే కదా. 1940ల రేడియోలో నల్లవాళ్ళంటే పనివాళ్ళు, డ్రైవర్లు, వంటవాళ్ళు. వాళ్ళకి తెలివైన డైలాగులు ఇచ్చినంత మాత్రాన ఎప్రన్ మారదు. మా అమ్మాయి కాలేజీలో ఈ సబ్జెక్టు చదువుతోంది, తను వింటే ఒక్క నిమిషం ఊరుకోదు.

పాతరేడియో
ఎప్రన్ మాట నిజమే అమ్మా. నేను కాదనను. కాకపోతే అదే కాలంలో ఆమోస్ అండ్ ఆండీ అనే రేడియో కామెడీలో ఆ ఇద్దరు నల్లవాళ్ళ పాత్రలూ వేసింది తెల్లవాళ్ళు. గోస్డెన్, కోరెల్ అని ఇద్దరు. దేశమంతా విన్న కార్యక్రమం. దానికి పక్కన పెట్టి చూస్తే, ఇక్కడ ఒక నల్లజాతి కమెడియన్ తన సొంత గొంతుతో, తన పేరుతోనే ఉన్న పాత్ర వేసి, తెల్ల మేనేజర్ని వారం వారం ఓడించాడు. ఎడ్డీ గ్రీన్ ఆమోస్ అండ్ ఆండీలోనూ లాయర్ వేషం వేశాడు, అది వేరే సంగతి. బతకాలి కదా.

సుభద్ర_డాలస్
'ఓడించాడు' అంటే? జీతం ఎవరికి ఎక్కువ, ఆజ్ఞ ఎవరిది?

స్క్రిప్ట్_పిచ్చి
బార్ లోపల ఆజ్ఞ ఆర్చీది. ఆర్చీ మీద ఆజ్ఞ డఫీది. జీతం ఇద్దరికీ సరిగ్గా రాదు 😀 కామెడీలో ఈ నిచ్చెన ఉండాల్సిందే. కింద మెట్టు మీద ఎవర్ని నిలబెట్టారన్నది మాత్రం రాసినవాళ్ళ కాలం చెప్తుంది. సుభద్ర గారి పాయింటు అదే అనుకుంటా, నేను ఆవిడ పక్షమే.

నీలకంఠం
ఈ విషయంలో నేనూ.

రాత్రిడ్యూటీ
మిస్ డఫీ గొంతు నేను విన్న రెండు ఎపిసోడ్లలో వేర్వేరుగా ఉంది. ఇద్దరా?

పాతరేడియో
ఇద్దరేంటి, చాలామంది. మొదటి మిస్ డఫీ షర్లీ బూత్. గార్డనర్‌కి అప్పటి భార్య. మొగుడి కోసం ఊరంతా వల వేసే అమ్మాయి, డఫీ కూతురు. 1942లో గార్డనర్, బూత్ విడాకులు తీసుకున్నారు. అయినా 1943 దాకా ఆవిడ అదే మైకు ముందు, మాజీ భర్త ఎదురుగా, పెళ్ళికొడుకు దొరకడం లేదనే జోకులు చెప్తూ పనిచేసింది. ఆ ఎపిసోడ్లు ఈ సంగతి తెలిశాక వింటే వేరేగా ఉంటాయి. ఆవిడ తర్వాత ఆస్కార్ తీసుకుంది, కమ్ బ్యాక్ లిటిల్ షీబా సినిమాకి. 1960ల్లో హేజెల్ అనే టీవీ సీరీస్‌లో పనిమనిషి హేజెల్‌గా ఇంటింటికీ తెలిసింది.

ఆవిడ వెళ్ళాక గార్డనర్‌కి ఏ గొంతూ నచ్చలేదు. ఫ్లారెన్స్ హాలప్, శాండ్రా గూల్డ్, హేజెల్ షర్మెట్, మధ్యలో ఇంకొందరు. శాండ్రా గూల్డ్‌ని బివిచ్డ్ అనే టీవీ సీరీస్ చూసినవాళ్ళు గుర్తుపడతారు, పక్కింటి గ్లాడిస్ క్రావిట్స్. పోలీస్ క్లాన్సీగా వేసిన అలన్ రీడ్ గొంతు అయితే మీరందరూ వినే ఉంటారు. కార్టూన్ హీరో ఫ్రెడ్ ఫ్లింట్‌స్టోన్ ఆయనే.

చిట్టి_కాకినాడ
యాబ్బా డాబ్బా డూ ఆయనా! దీని కోసమైనా వింటాను.

రాత్రిడ్యూటీ
చీర్స్ సంగతి ఎవరూ చెప్పలేదు. నిజంగా ఇక్కడినుంచే పుట్టిందా?

స్క్రిప్ట్_పిచ్చి
'పుట్టింది' అంటే ఎక్కువ. చీర్స్‌ని సృష్టించింది ముగ్గురు: గ్లెన్ చార్ల్స్, లెస్ చార్ల్స్, జేమ్స్ బరోస్. ఏబ్ బరోస్ డఫీస్ టావెర్న్‌కి మొదటి నాలుగైదేళ్ళు ముఖ్య రచయిత. కొడుక్కి ఆ వాసన తగలకుండా ఉండదు. చీర్స్‌లో నార్మ్ భార్య వెరా మొహం సరిగ్గా ఎప్పుడూ చూపించరు, చీర్స్ నుంచి పుట్టిన ఫ్రేజర్‌లో నైల్స్ భార్య మారిస్ అసలు కనపడదు. కనపడని మనిషి చుట్టూ జోకులు అల్లడం డఫీ దగ్గర బాగా పండిన విద్య.

కానీ తేడా ఉంది. చీర్స్‌లో జనం ఆ బార్‌కి వచ్చేది ఒకరికోసం ఒకరు. డఫీస్‌లో ఆర్చీ ఎప్పుడూ గుమ్మం వైపు చూస్తుంటాడు, ఎవరైనా గొప్పవాళ్ళొస్తారేమో అని. ఉన్నవాళ్ళు సరిపోరు అతనికి. రెండూ బార్లే, ఆకలి వేరు.

పాతరేడియో
ఏబ్ బరోస్ తర్వాత బ్రాడ్‌వేలో గైస్ అండ్ డాల్స్‌కి సంభాషణలు రాశాడు, 1950లో. జూదగాళ్ళు, వీధి రౌడీలు అతి మర్యాద భాషలో మాట్లాడే నాటకం. ఆర్చీకి వారం వారం డైలాగులు రాసిన చెయ్యి అక్కడ అక్కరకొచ్చింది. 1951లో ఆ నాటకానికి పులిట్జర్ అవార్డు ఇవ్వాలని న్యాయనిర్ణేతలు అనుకున్నా, బరోస్ మీద కమ్యూనిస్టు ముద్ర ఉందని పైన ఆపేశారు. ఆ ఏడాది నాటకం విభాగంలో అవార్డే లేదు. 1962లో వేరే నాటకానికి వచ్చింది.

లారీ గెల్‌బార్ట్ కూడా ఈ బార్‌లోనే పని నేర్చుకున్నాడు. అతని నాన్న మంగలి, కమెడియన్ డానీ థామస్‌కి జుట్టు కత్తిరించేవాడు. కుర్చీలో కూర్చున్నవాడికి మా అబ్బాయి జోకులు భలే రాస్తాడని చెప్పాడు. అలా టీనేజీలో రేడియో రచయిత అయ్యి, ఇక్కడికి చేరాడు. 1972లో యుద్ధకాలపు ఆస్పత్రి కామెడీ మ్యాష్‌ని టీవీకి మలిచింది ఈయనే.

నీలకంఠం
ఇంత మంచి రచయితలుంటే మరి ఎందుకు చతికిలపడింది?

పాతరేడియో
టీవీ ఒక కారణం, అది అందరినీ కొట్టింది. ఇంకో కారణం పన్నులు. ప్యూర్టో రికో ప్రభుత్వం అప్పట్లో కొత్త పరిశ్రమలకి పన్నెండేళ్ళు పన్ను మినహాయింపు ఇస్తామంది. గార్డనర్ 1949లో మొత్తం కార్యక్రమాన్ని అక్కడికి తరలించాడు. అప్పటికే టేపు వచ్చింది కాబట్టి అక్కడ రికార్డు చేసి పంపడం కుదిరింది. లెక్కల పుస్తకం ప్రకారం తెలివైన పని. కానీ ప్రతి వారం స్టార్లు కావాలంటే వాళ్ళు విమానమెక్కి ఆ దీవికి రావాలి. న్యూయార్క్ వీధి గాలిని కొబ్బరి చెట్ల కింద రికార్డు చేస్తే ఎలా ఉంటుంది? చివరి రెండేళ్ళ ఎపిసోడ్లలో నాకు ఆ వీధి వినపడదు.

స్క్రిప్ట్_పిచ్చి
ఇక్కడ ఒప్పుకోను. వీధి ఎప్పుడూ స్టూడియోలోనే ఉంది. అంతకుముందు హాలీవుడ్ నుంచి కూడా చేశారు కదా, అప్పుడు పామ్ చెట్లు అడ్డం రాలేదా? రచయితలు మారారు, ఎడ్డీ గ్రీన్ పోయాడు. దెబ్బ అక్కడ.

పాతరేడియో
హాలీవుడ్‌లో కనీసం ఎదురుగా కూర్చున్న జనం ఇంగ్లీషు జోకుకి వెంటనే నవ్వేవాళ్ళు. కామెడీకి టైమింగ్ ఇచ్చేది ఆ నవ్వే. సరే, ఇద్దరం విని తేల్చుకుందాం, 1947 ఒకటి, 1950 ఒకటి.

ఒక సరదా సంగతి. బార్ కార్యక్రమానికి స్పాన్సర్లు ఎవరనుకుంటున్నారు? షిక్ రేజర్లు, సాంకా అనే కెఫీన్ లేని కాఫీ, ఇపానా టూత్‌పేస్ట్. బ్లాట్జ్ అనే బీరు కంపెనీ దొరికింది చివర్లో, కార్యక్రమం మూతపడబోయే ముందు.

చిట్టి_కాకినాడ
బార్‌లో టూత్‌పేస్ట్ యాడ్. ఇంటికెళ్ళేముందు పనికొస్తుందిలెండి.

సుభద్ర_డాలస్
సినిమా కూడా వచ్చిందటగా?

పాతరేడియో
1945లో పారమౌంట్ తీసింది. బింగ్ క్రాస్బీ, బెట్టీ హట్టన్, అలన్ లాడ్, వెరోనికా లేక్, స్టూడియోలో తీరిక ఉన్న ప్రతివాళ్ళనీ పెట్టేశారు. స్టార్ల జాతర, బార్ ఎక్కడో మూల. 1954లో టీవీ సీరీస్ కూడా చేశారు, ఎక్కువ రోజులు ఆడలేదు. గార్డనర్ 1963లో పోయాడు. ఆ సినిమా, ఆ టీవీ సీరీస్, రెండూ చూడకపోయినా నష్టం లేదు.

స్క్రిప్ట్_పిచ్చి
చూస్తే నష్టం కూడా. రేడియోలో ఆ బార్ ఎంత ఇరుకో, ఎంత మాసిపోయిందో వినేవాడు కట్టుకుంటాడు. తెరమీద సెట్ వెయ్యాలి, సెట్ వేస్తే అది బాగుంటుంది, బాగుంటే ఆర్చీ అబద్ధం అబద్ధంగా ఉండదు.

రాత్రిడ్యూటీ
నిన్న 1940ల మధ్యవి మూడు విన్నా. ఈసారి ఫోన్ భాగం జాగ్రత్తగా విన్నా. డఫీ ఏమడిగాడో ఆర్చీ దాదాపు ఎప్పుడూ తిరిగి చెప్పడు! జవాబు మాత్రమే చెప్తాడు. అయినా నాకు ప్రశ్న వినపడుతోంది. పక్కింటివాళ్ళ ఫోన్ గోడ ఇవతలినుంచి విన్నట్టుంది.

స్క్రిప్ట్_పిచ్చి
పట్టేశారు. ప్రతిసారీ 'ఏంటి, సరుకు ఎంత ఉందా?' అని తిరిగి అడిగితే సీన్ చచ్చిపోతుంది. ఎప్పుడో ఒకసారి అడగనిస్తారు, దారి తప్పకుండా. జవాబు వినగానే ప్రశ్న మనకి తట్టాలి, తట్టేసరికి ఇంకో జవాబు రావాలి. వినేవాడు పని చేస్తున్నాడు కాబట్టి నవ్వు అతని సొంతం.

నేను ప్రాక్టీసుకి ఒకటి రాసుకున్నా, తిట్టండి. ఊళ్ళో ఫంక్షన్ హాల్ మేనేజరు, ఓనరు హైదరాబాద్‌లో.

'హలో, సర్. ఆఁ, అంతా క్లీన్‌గా ఉంది సర్.'
'ఏంటి సర్, జనరేటరా? జనరేటర్ బ్రహ్మాండంగా ఉంది సర్.'
'లేదు సర్, చీకట్లో కాదు. క్యాండిల్స్. పెళ్ళివాళ్ళే అడిగారు సర్, మోడరన్ అని.'
'పంతులు గారికి దెబ్బేం తగల్లేదు సర్.'

నీలకంఠం
నాలుగో లైను బాగుంది. రెండోది తీసెయ్. అందులో ఓనరు ఏమడిగాడో నువ్వే చెప్పేస్తున్నావు. 'క్లీన్‌గా ఉంది' తర్వాత నేరుగా 'లేదు సర్, చీకట్లో కాదు' అంటే చాలు, జనరేటర్ పోయిందని నాకు తెలుస్తుంది.

స్క్రిప్ట్_పిచ్చి
తీసేశా. మరి 'మోడరన్ అని' ఉంచనా?

నీలకంఠం
ఉంచు. ఆర్చీ అయితే ఆ మాట కూడా తప్పుగా అనేవాడు.

పాతరేడియో
అయితే విసుగు అన్నవారు వినడం ఆపలేదన్నమాట!

నీలకంఠం
ఎడ్డీ గ్రీన్ కోసం వింటున్నానండి. 1950కి ముందువి లింకులుంటే పెట్టండి.